వెనక చక్రం పాలు

“బ్లీడింగా?” అంది శకుంతలమ్మ ఫోనులో.

“ఊఁ, బ్లీడింగే. గంట పడతాదంట,” అన్నాడు మునిచంద్ర, పాలబండి డ్రైవరు సీట్లో కూర్చుని, ఒక చెవి ఫోనుకూ ఒక చెవి బండి కిందికీ పంచిపెట్టి. పలమనేరు దాటి మొగిలి ఘాటు దిగబోయే చోట సిగ్నలు కూడా ఘాటు రోడ్డు లాంటిదే, మలుపు మలుపుకూ మాయమవుతుంది.

“శానా పొయ్యిందా?”

“పోకుండా ఉంటాదా? దోవంతా కారతానే వచ్చినట్టుండాది. పాతదంతా తీసేసి కొత్తది ఎక్కించాల.”

“ఎక్కిస్తా ఉండారా?”

“ఒక సీసా అయిపొయ్యింది. ఇంగో సీసా తెరిసినాడు.”

“యాడినించి కారతా ఉండాది?”

“వెనకాల. ఎడం పక్క.”

“ఏ గ్రూపంట?” అంది శకుంతలమ్మ, సన్నగా. బ్రేక్ ఆయిల్ సీసా మీద మూడనో నాలుగనో ఒక అంకె ఉంటుందని మునిచంద్రకు తెలుసు గాని, ఆ అంకె మీద భార్యకు ఇంత ఆసక్తి ఎప్పుడు పుట్టిందో తెలియలేదు. “ముందుండిందే ఎక్కించాలంట మే. వేరేది కలిస్తే లోపలంతా ఉబ్బిపోతాదంట. నువ్వేం దిగులు పడొద్దు, మోహన సూస్తా ఉండాడు. నేను ఈడ కదలకుండా కూసోవాల, అంతే. కాలు తియ్య—”

గూడదంట, అనే మిగతా సగం ఘాటులో పడిపోయింది. లైను తెగింది. పొద్దున్నుంచి తెగిన లైన్లలో ఇది రెండోది.

“అన్నా, మాటలకు బ్రేకేసి బ్రేకు తొక్కు,” అంది బండి కిందినుంచి మెకానిక్కు మోహన గొంతు.

తొక్కాడు. “పట్టు,” అంది గొంతు. పట్టాడు. కింద స్పానరు కిర్రుమంది, చక్రం వెనక చిన్న స్క్రూ ఒకటి వదులై, సన్నటి గొట్టంలోంచి నల్లటి ఆయిలూ గాలి బుడగలూ కలిసి సీసాలోకి దిగాయి, పెడలు కాలి కింద కాస్త కుంగింది, స్క్రూ బిగిసింది. “వదులు.” వదిలాడు. మళ్ళీ తొక్కు. ఉన్నవి మూడే మాటలు, మూడు మాటల మంత్రం, గురువు శిష్యుడి కాళ్ళ కింద వెల్లకిలా పడుకుని ఉపదేశించే మంత్రం లోకంలో ఇదొక్కటే కాబోలు. మోహన దగ్గర పని నేర్చుకున్న వాళ్ళంతా శ్రీసిటీ ఫ్యాక్టరీలకు పోయారు, అక్కడ చల్లటి గదుల్లో నిలబడి కొత్త బండ్లకు ఏవో బిగిస్తున్నారు, ఇక్కడ పాత బండ్లకు మాత్రం ఎవరి కాలు వాళ్ళే తెచ్చుకోవాలి. తొక్కు అంటే చింతకాయ తొక్కు, అరిటి తొక్కు, తిరునాళ్ళలో పక్కవాడు తొక్కే తొక్కు. పట్టు అంటే కంచి పట్టు, ఉడుం పట్టు, శకుంతల పట్టు. వదులు అంటే ఏమిటి, ఈ మధ్య పంచె వదులు, పన్ను వదులు, ఇప్పుడు బ్రేకు వదులు. మునిచంద్ర తీరే అంత, కాలికి పని చెబితే తల ఊరేగింపుకు బయల్దేరుతుంది. ముప్పై ఏళ్ళు స్టీరింగు పట్టినవాడికి రోడ్డు కళ్ళు చూసుకుంటాయి, గేరు చెయ్యి చూసుకుంటుంది, మిగిలిన మనిషి ఊరికే కూర్చుని ఉంటాడు, వాడికి మాటలతో ఆడుకోవడం తప్ప ఇంకేం పని.

పొద్దున జరిగింది ఇంతే. పల్లెల్లో పాలు ఎత్తుకుని, క్యాన్లు సర్దుకుని, చిత్తూరులో టీ అంగళ్ళు తెరిచే వేళకు అందాలని బయల్దేరాడు. ఘాటు ఇంకా మొదలు కాలేదు, ముందు లారీ నెమ్మదించింది, తనూ బ్రేకు తొక్కాడు. బ్రేకు పెడలంటే రాగిసంగటి ముద్దలా ఉండాలి, నొక్కితే కొంచెం దిగి అక్కడే నిలబడాలి. ఇది పాయసంలా దిగిపోయింది, అడుగు తగిలింది. భయం వేయలేదు, భయానికి తీరిక లేదు. గేరు తగ్గించాడు, చేతిబ్రేకు లాగాడు, ఎడమకు మట్టిలోకి దింపాడు, బండి ఒక రాళ్ళకుప్పను మూతితో ముట్టుకుని ఆగింది. ఇంకో రెండు మలుపులు పోయాక జరిగి ఉంటే ఆ లారీ వెనక రాసున్న ‘మళ్ళీ కలుద్దాం’ అనే మాటను అప్పటికప్పుడే నిజం చేసి ఉండేవాడు. తర్వాత మొదటి గేరులో నత్తలాగా మోహన షెడ్డు దాకా వచ్చాడు. పాల క్యాన్లను అటు పోతున్న తోటి డ్రైవరు యోగానంద తన బండిలో వేసుకుని పోయాడు, పోతూ పోతూ “దేవుడుండాడు సంద్రా” అన్నాడు. ఉన్నాడు, డాష్‌బోర్డు మీదే ఉన్నాడు, వెంకన్న పటం, దాని ముందు ఎండిన చామంతి, ఇప్పుడు చామంతి పక్కనే మోహన విప్పి పడేసిన పాత పైపు ముక్క.

“తొక్కు.” మూడడుగుల ముక్క. చిటికెనవేలంత లావు కూడా లేదు. ఇదా, ఇంత బండినీ ఇంత పాలనూ ఇంత మునిచంద్రనూ ఘాటులో ఆపుతూ వచ్చింది? ఇక్కడ కాలు నొక్కితే అక్కడ చక్రం పట్టుకుంటుంది, మధ్యలో ఈ వానపాములాంటి గొట్టం, అందులో గ్లాసెడు ద్రవం. ద్రవం తగ్గితే ఉపద్రవం. నూనె నొక్కితే అణగదు, అణగదు గనుకే ఇక్కడి నొక్కు అక్కడికి చేరుతుంది, గాలి దూరిందా, గాలి అణుగుతుంది, నొక్కంతా గాలే మింగేస్తుంది. గాలి మాటలు నమ్మి చెడ్డవాళ్ళున్నారు గాని గాలి బుడగ నమ్మి లోయలో పడ్డవాళ్ళ పేర్లు ఈ ఘాటులో అడిగితే మైలురాయికొకటి చెబుతారు. “పట్టు.” పట్టాడు. పైపు పొడుగునా బాగానే ఉంది, నల్లగా, నున్నగా, ఒక్క జానెడు మేర మాత్రం పొక్కులు పొక్కులుగా తుప్పు, తుప్పు నడుమ సూది మొనంత చిల్లి, చుట్టూ గట్టిగా అట్టకట్టిన పసుపుపచ్చ పెచ్చు.

“కుక్కన్నా,” అన్నాడు మోహన అడుగునుంచి, పైపు విప్పినప్పుడు.

తనను కుక్కన్నాడేమో అనుకున్నాడు మునిచంద్ర ఒక క్షణం.

“కుక్క పని ఇది. సూడు, పసుపచ్చగా యెట్ల అట్టగట్టిందో. దినామూ ఒకే సక్రం కాడ కాలెత్తతా ఉంటే ఇనుమేంది, ఇంద్రుడి వజ్రాయుధమైనా తుప్పు పడతాది. మీ ఇంటికాడ కుక్క ఉండాదా?”

ఉంది. ఎర్రకుక్క. వీధిదే, కాని తెల్లవారేసరికి సరిగ్గా బండి దగ్గర ఉంటుంది, వెనక ఎడమ చక్రం దగ్గరే ఉంటుంది. “ఉండాది,” అన్నాడు మునిచంద్ర. “అయితే అదే,” అన్నాడు మోహన, కేసు కొట్టేసిన జడ్జీలాగా, కొత్త పైపు వంచుకుంటూ.

“వదులు.” కాని ఆ కుక్క ఎన్నడూ కాలెత్తగా మునిచంద్ర చూడలేదు. అది నాకడానికి వస్తుంది. ఏం నాకడానికి వస్తుందో ఆ పసుపు పెచ్చును గోటితో గీకినప్పుడే తెలిసింది, వాసన చూడక ముందే తెలిసింది, చూశాక పులిసిన మజ్జిగా పసుపూ కలిసిన వాసన, ఇంట్లో పండగ మర్నాడు గడపల దగ్గర వచ్చే వాసన. దినామూ, ఇంజను వేడెక్కేదాకా ఆగి ఎడమ అద్దంలో చూస్తాడు, అద్దంలో మనిషి పూర్తిగా కనబడదు, ఒక చెయ్యి కనబడుతుంది, గాజులు, ఆ చేతిలో చెంబు, చెంబు చక్రం వెనక్కి వంగుతుంది. చక్రం మీద పోయదు, చక్రం వెనక పోస్తుంది, టైరుకూ బాడీకీ మధ్య చెయ్యి దూర్చి లోపలికి. బయట పోస్తే ఎవరైనా తొక్కుతారని. పాలు తొక్కరాదని. పసుపు కలిపిన తొలి పాలు, ఏ కాలికీ తగలని చోట, సరిగ్గా ఇరుసు మీద, ఇరుసుకు ఆనుకుని పోయే బ్రేకు పైపు మీద. శుక్రవారమైతే దిష్టి తీసిన కల్లుప్పు కూడా అక్కడే, అది మాత్రం ఎవరైనా తొక్కితే ఎంత ప్రమాదం. ఉప్పు, పులుపు, పసుపు, ఒక్క తాలింపు తక్కువ. నేలపాలైనవి చూశాం, నీళ్ళపాలైనవి చూశాం, గాలిపాలు ఊరందరికీ తెలుసు, బ్రేకు పాలపాలు కావడం మాత్రం మొగిలి ఘాటు చరిత్రలో ఇదే మొదలు.

“తొక్కు.” ఎప్పుడు మొదలైంది అది? బండి కొత్తది, పసుపు బొట్లు ఇంకా ఆరలేదు, ఘాటులో ఎదర ఒక టమాటా లారీకి బ్రేకు పోయి అడ్డంగా పడింది, రోడ్డంతా ఎరుపు, ముందు రక్తమనుకున్నారు, తర్వాత టమాటాలనుకున్నారు, తర్వాత రెండూ అని తెలిసింది. దారి తెరిచేసరికి మధ్యాహ్నం దాటింది, ఫోనులో ఛార్జి లేదు. ఇంటికి చేరితే శకుంతల గేటు దగ్గర నిలబడి ఉంది, ఎంతసేపటి నుంచో అడగలేదు, ఆమె చెప్పలేదు, “అన్నం సల్లారింది” అంది, లోపలికి పోయింది. అంతే. మర్నాడు తెల్లవారి అద్దంలో చెయ్యి కనబడింది. ఏమిటని అతను అడగలేదు, ఇదని ఆమె చెప్పలేదు, ఆ ఇంట్లో మాటలు పుష్కలంగా ఉంటాయి, అన్నీ మునిచంద్రవే, అందులో పనికొచ్చేవి తక్కువ. జాగర్తగా పో అనే మాట ఆ గేటు దగ్గర ఒక్కనాడూ వినలేదు. చెయ్యి వంగుతుంది, గాజులు గలగలమంటాయి, కుక్క తోక ఊపుతుంది, తను క్లచ్చి వదులుతాడు. వానలో గొడుగేసుకుని పోసింది. జ్వరమొచ్చిన వారం చెంబును పక్కింటి అలివేలమ్మ చేత పట్టించి, దుప్పటి కప్పుకుని వచ్చి తనే పోసింది. పాలు పిండుకుని పాలు అమ్ముకుని బతికే ఇంట్లో మొదటి చెంబు చక్రం పాలు, మిగతాది చిత్తూరు పాలు, అద్దంలో ఆ చెయ్యి ఒక్కటే మునిచంద్ర పాలు.

అయితే ఆ చెయ్యే పైపు తిన్నది. తప్పుకూ తుప్పుకూ ఒక్క కొమ్మే తేడా. “పట్టు.” తప్పు ఆమెదేనా? ముందర ఆయిలు డబ్బాలో మట్టం తగ్గుతూ వచ్చింది, బానెట్టు ఎత్తిన ప్రతిసారీ గీత కిందికి పోతుండేది, తను ఏం చేశాడు, కొంచెం పోశాడు, మూత పెట్టాడు. మళ్ళీ తగ్గింది, మళ్ళీ పోశాడు. ఒక మారైతే మూత సరిగ్గా బిగించకుండా వర్షంలో ఊరంతా తిరిగాడు, బ్రేక్ ఆయిలు గాలిలో తేమను తాగుబోతులా తాగుతుందని మోహన అప్పుడే చెప్పాడు, తాగిన ఆయిలు ఘాటులో వేడెక్కితే ఆవిరి లేస్తుందని, ఆవిరి నొక్కుకుంటుంది గాని బ్రేకు నొక్కుకోదని. విన్నాడు, నవ్వాడు, తాగుబోతు మీద ఒక జోకు వేశాడు. యాడికి పోతా ఉండాది ఆ ఆయిలంతా అని ఒక్కసారి వంగి చూడలేదు. ముందర తను పోస్తున్నాడు, వెనక ఆమె పోస్తోంది, ఇద్దరూ పోసేవాళ్ళే, నడుము వంచినవాళ్ళు లేరు. నడుము వంగదు, అదొక కారణం, యాభై ఐదు దాటిన నడుముకు నమస్కారమే గగనం, తిరుమలలో బ్రేక్ దర్శనానికి సిఫార్సు కావాలి గాని మోహనకు చూడు, వెల్లకిలా పడుకుంటే చాలు, దినామూ బ్రేక్ దర్శనమే—

“యోవ్ అన్నా! ఎవురు వదలమన్నారు?”

మునిచంద్ర కాలు చూసుకున్నాడు. కాలు గాలిలో ఉంది. ఎప్పుడు లేచిందో దానికే తెలియాలి.

“స్క్రూ తెరిసుంటే కాలెత్తుతావా? బయట గాలంతా లోపలికి పీల్చేసింది గదా! నేను వదులు అనేదాకా తియ్యొద్దని సెప్పినా గదా! నీ బుర్రలో గాలి తీసేదానికి నాకాడ స్పానర్ లేదబ్బా.”

“కాలు తిమ్మిరెక్కింది మోహనా.”

“మళ్ళీ మొదటినించి. పెడలు కాడుండే మాస్టరు సిలిండరుకు దూరంగా ఉండే సక్రం ముందు, దగ్గరిది కడాకు. తొక్కు.”

తొక్కాడు. మళ్ళీ మెత్తగా దిగింది పెడలు, దూదిలోకి దిగినట్టు. తవ్విన గుంట తనే పూడ్చుకున్న మనిషిలాగా మొదటినుంచి మొదలుపెట్టాడు. కుక్క అని చెబితే పోతుంది. అదొక దారి. మోహన తీర్పు ఇచ్చేశాడు, సాక్షులు అక్కర్లేదు, కుక్క అప్పీలుకు పోదు. ఇంటికిపోయి “కుక్క పాడు చేసిందంట” అంటే శకుంతల కుక్కను అదిలిస్తుంది, మర్నాడు చెంబు తీసుకుని వస్తుంది, కొత్త పైపు మీద కొత్త పాలు. “పట్టు.” కొత్త పైపుకు పాత గతి. మళ్ళీ చిల్లి ఎప్పుడు పడుతుందో తెలియదు, ఘాటుకు ముందు పడుతుందో ఘాటు మధ్యలో పడుతుందో తెలియదు, రాళ్ళకుప్పలు అన్ని మలుపుల్లోనూ ఉండవు. చెబితే? “వదులు.” చెబితే ఏమవుతుందో మునిచంద్రకు బాగా తెలుసు. పెళ్ళయిన కొత్తల్లో చింతాకు పప్పు చేసింది. పులుపు ఎక్కువైందని అన్నాడు, అదీ నవ్వుతూ, అదీ ఏదో ప్రాసతో, ‘చింతాకు పప్పు చింత పెట్టింది’ అనో ఏదో. ఆమె ఏమీ అనలేదు. ఆ తర్వాత ఇప్పటిదాకా ఆ ఇంట్లో చింతాకు ఉడకలేదు. అడిగినా ఉడకలేదు. ఇతరుల ఇళ్ళల్లో తినివస్తాడు. నీ పాలు నా బ్రేకు తిన్నాయని ఎన్ని ప్రాసలు కలిపి చెప్పినా, చెప్పడం చెప్పడమే. పాలు మానేస్తుంది, అది మంచిదే, పైపు బతుకుతుంది. కాని పాలతో పాటు గేటు దాకా రావడం మానేస్తుంది. తెల్లవారి ఇంజను ఆన్ చేస్తే ఎడమ అద్దంలో గోడ కనబడుతుంది, గోడ మీద పిడకలు కనబడతాయి. బండికి బ్రేకు ఉంటుంది, ఆగి చూసుకోవడానికి అద్దంలో మనిషి ఉండదు.

“తొక్కు.” వేరే దారులు ఉన్నాయా? పాలు ముందు చక్రానికి మార్చమంటే? అక్కడా పైపు ఉంది, పైగా అది రబ్బరు గొట్టం, స్టీరింగు తిప్పినప్పుడల్లా వంగుతుంది, దానికీ ఒక రోగం. స్టెప్నీకి పోయమంటే? స్టెప్నీకి పాలు పోసే ఇల్లాలిని చూసి ఊరు నవ్వుతుంది, ఊరు నవ్వినా ఫరవాలేదు, ‘స్టెప్నీ’ అనే మాటకు ఊళ్ళో ఇంకో అర్థం ఉంది, అది అసలు ఫరవాలేని విషయం కాదు. పూజారితో చెప్పిస్తే? పూజారి కుంకుమ కూడా కలపమంటాడు. “పట్టు.” పట్టాడు. పట్టి ఉండగా, పెడలు ఈసారి మెల్లగా గట్టిపడుతున్నట్టు అనిపించింది, గాలి బుడగలు పోయి ఆయిలు తేనెరంగులో దిగుతోందని మోహన అన్నాడు, అంటుండగానే రోడ్డు మీద ఘాటు వైపు పోతున్న ఆటో ఒకటి, షెడ్డు ముందు పాలబండి కనబడి, కీచుమని ఆగింది. దాని బ్రేకులు బాగున్నాయి, అనుకున్నాడు మునిచంద్ర.

ఆటోలోంచి ముందు శకుంతలమ్మ దిగింది, చేతిలో ఫ్లాస్కు. వెనక అలివేలమ్మ, చంకలో దుప్పటి, చేతిలో ఎళనీరు బోండాం. ఆ వెనక శకుంతలమ్మ తమ్ముడు రవిచంద్ర, చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి. ముగ్గురూ బండి వెనక నుంచి వచ్చారు. వెనక నుంచి చూస్తే డ్రైవరు సీటు కనబడదు, చక్రం కిందినుంచి బయటకు చాచిన రెండు కాళ్ళు కనబడతాయి, పక్కనే సీసా, సీసాలోకి గొట్టం, నేల మీద నల్లటి మడుగు.

“ఏమయ్యో!” అని శకుంతలమ్మ ఆ కాళ్ళ మీద పడింది. రెండు చేతులా ఒక కాలు పట్టుకుని, తడిమి, “ఉండాది! కాలుండాదే అలివేలక్కా! ఇంగా తియ్యలా!” అంది.

“అయ్యో, వదులు వొదినా!” అని కింద మోహన అరిచాడు.

వదులు అన్న మాట వినబడగానే మునిచంద్ర కాలు సగం లేపాడు. “నిన్ను గాదన్నా, నువ్వు పట్టు! స్క్రూ తెరిసుండాది, నువ్వు కాలు తియ్యొద్దు!” అని రెండో అరుపు. మునిచంద్ర కాలు అదిమిపెట్టి, కిటికీలోంచి తల మాత్రం బయట పెట్టాడు.

“ఏమ్మే, అది మోహన కాలు. నా కాలు ఈడుండాది.”

శకుంతలమ్మ తల ఎత్తి చూసింది. కిటికీలో మొగుడి తల, చేతిలో మెకానిక్కు కాలు. రెంటినీ మార్చి మార్చి చూసి, కాలు నేల మీద పెట్టింది, నెమ్మదిగా, గుడ్డు పెట్టినట్టు. “దిగి రా,” అంది. గొంతులో ఏమీ లేదు.

“రాలేను. కాలు తియ్యగూడదు.”

“తియ్యగూడదా, తియ్యాలా?” అంది అలివేలమ్మ. “కాలు తీస్తా ఉండారని ఊరంతా సెప్పేసి వస్తిమే!”

మోహన స్క్రూ బిగించి, “వదులు” అని, పాకుతూ బయటికి వచ్చి, మట్టి దులుపుకుంటూ అందరికీ వివరంగా చెప్పాడు. బ్లీడింగు మనిషికి కాదు, బ్రేకుకు. లైనులో గాలి దూరితే తీసేదానికి ఆ పేరు. కారింది ఆయిలు, ఎక్కించింది ఆయిలు, సీసా ఆయిలు. వెనక ఎడం పక్క అన్నది చక్రం. తియ్యగూడని కాలు పెడలు మీది కాలు. రవిచంద్ర మడిచిన చొక్కా చేతులు ఒక్కొక్క మడతే కిందికి దించుకున్నాడు. “అయితే గ్రూపు యాదైనా పర్లేదా బావా? నేను ఆటోలో ఇడ్లీలు గూడా తింటిని, రగతమిచ్చేదానికి ముందు తినాలంటే,” అన్నాడు. ఫోను మోగింది, ఊరి నుంచి. “ఏమీ లేదప్పా, గాలి తీసినారు... మా బావకు గాదు, బండికి,” అని చెప్పి పెట్టేలోగా మళ్ళీ మోగింది.

“అసలు పైపుకు ఏమొచ్చింది?” అంది శకుంతలమ్మ.

మోహన డాష్‌బోర్డు మీది ముక్క తీసి చూపించాడు. “కుక్క వొదినా. ఈడ సూడు, పసుపచ్చగా.”

“మా వీధి ఎర్రకుక్కే,” అంది అలివేలమ్మ వెంటనే. “తెల్లారితే ఆ సక్రం కాడే పడుంటాది.”

“దాన్ని రేపే పట్టి అడివిలో వదిలేసొస్తా,” అన్నాడు రవిచంద్ర, రక్తానికి బదులు ఏదో ఒకటి ఇవ్వాలి గదా.

అందరూ తలలూపారు. మునిచంద్ర బండి దిగి నిలబడ్డాడు, కాలు ఇంకా తిమ్మిరిగానే ఉంది. ఊపడానికి అతనికీ ఒక తల ఉంది. ఊపితే అయిపోతుంది. శకుంతల పైపు వైపు చూస్తోంది, జుట్టు దువ్వుకోలేదు, ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి అతని చెప్పు. ఒక ప్రాస కోసం వెతికాడు. దొరకలేదు.

“కుక్క గాదు మే,” అన్నాడు. “అది పసుపు.”

శకుంతలమ్మ పైపు అందుకుంది. గోటితో గీకింది. వాసన చూసింది. రవిచంద్ర ఫోను మోగుతూనే ఉంది, అతను తియ్యలేదు.

“నేను దినామూ—”

“నేను గూడా. నువ్వు వెనకాల పోస్తివి, నేను ముందర పోస్తిని. కారతా ఉండాదని తెలిసీ పోస్తిని. ఇద్దరం వంగి సూడలా.”

ఆమె పైపును కొంగుతో తుడిచి మళ్ళీ డాష్‌బోర్డు మీద, చామంతి పక్కన పెట్టింది. చింతాకు, అనుకున్నాడు మునిచంద్ర. అయిపోయింది. మోహన చివరి బిగింపు కోసం మళ్ళీ బండి కిందికి పాకాడు. శకుంతలమ్మ ఫ్లాస్కు మూత తిప్పి అందులోకి పాలు వంచుకుని, పొగలు కక్కుతున్న మూత పట్టుకుని నడిచింది, కాళ్ళు వెనక ఎడమ చక్రం వైపే పోతున్నాయి, అలవాటైన కాళ్ళు. చక్రం దగ్గర ఆగింది. అదే సమయానికి చక్రం కిందినుంచి మసి చెయ్యి ఒకటి బయటికొచ్చి, “ఆ స్పానర్ ఇయ్యి రవీ,” అంది.

శకుంతలమ్మ వంగి ఆ చేతిలో పాలు పెట్టింది.

“తాగు నాయనా. సక్రం కింద ఉండేది నువ్వే గదా.”

మోహన బయటికి పాకి వచ్చి, చక్రానికే ఆనుకుని కూర్చుని ఊదుకుంటూ తాగడం మొదలుపెట్టాడు. ఆమె మాత్రం లేవలేదు. “కొత్తది యాడ ఏసినావో సూపించు,” అంది. అతను మూతి పాలతోనే వేలు చూపించాడు. శకుంతలమ్మ కొంగు నడుముకు దోపి, రెండు అరచేతులూ మట్టిలో ఆనించి, ఇంతకాలం చెయ్యి ఒక్కటే దూర్చిన చోటికి తల దూర్చింది. మునిచంద్ర సీటెక్కి కూర్చున్నాడు. ఎడమ అద్దంలో చెయ్యి లేదు, గాజులు లేవు, కుక్కా లేదు. కిందినుంచి గొంతు వచ్చింది, మోహనది కాదు.

“ఏమయ్యా, తొక్కు.”

తొక్కాడు. పెడలు కొంచెం దిగి, సంగటి ముద్దలా నిలబడింది.

“పట్టు.”

పట్టాడు.

“కారలా,” అంది కింద శకుంతలమ్మ, చాలాసేపు చూసి. “సుక్క గూడా లేదు.” వదులు అనే మూడో మాట ఆమెకెవరూ నేర్పలేదు. నేర్పాల్సిన మోహన నోటినిండా పాలున్నాయి. బయట రవిచంద్ర ఊరికంతా ఫోనులో చెబుతూనే ఉన్నాడు, తియ్యలేదప్పా, తియ్యలేదు, మా బావ కాలు బాగుండాది, అని. మునిచంద్ర కాలు తీయలేదు.